జర ఆ అద్దం జరుపు, చెల్లే!

బస్సు ఇంకా ఆగనే ఆగదు, కిటికీలకెళ్లి దస్తి లోపట పడుతది. ఇగ ఆ సీటు మనదే. ఇది ఏ చట్టంల రాసి లేదు గాని, జఫర్‌గఢ్ కాడ ఎక్కినా, వర్ధన్నపేట కాడ ఎక్కినా, స్టేషన్ ఘనపూర్ కాడ ఎక్కినా అందరూ ఒప్పుకునే కానూను. దస్తి లేకపోతే సంచి. సంచి లేకపోతే టిఫిను డబ్బా. అదీ లేకపోతే చంటిపిల్లను కిటికీలకెళ్లి ఎవరికో అందిచ్చి, తర్వాత తాపీగ ఎక్కే తల్లులు కూడ ఉంటరు. సీటు కాడ ఇంత తెలివి చూపెట్టే మనకు, ఆ సీట్ల కూసున్నంక గంటసేపు ఎవరి గాలి పీలుస్తున్నమో అన్న సోయి ఉండదు. సీటు కోసం కొట్లాడుతం, గాలి కోసం నోరు తెరువం. ఈసారి ముచ్చట దాని గురించే, అక్కలూ చెల్లెళ్లూ.

ఇంట్ల ఒకరికి సర్ది పడితే వారం తిరిగేసరికి అందరి ముక్కులూ కారుతయి. ఎక్కడ తగిలిందే అని అడుగుండ్రి. "నీళ్లు మారినయి" అంటది ఒకామె. "పుల్ల ఐసు తిన్నడు" అంటది ఇంకొకామె. "బస్సుల కిటికీ కాడ కూసున్నడు, చల్లగాలి కొట్టింది" అంటది అత్తమ్మ. తప్పంతా కిటికీ మీదనే పడుతది పాపం. అదే బస్సుల, అద్దాలన్నీ మూసుకొని, నలభై మంది కూసునే కాడ డెబ్బై మంది నిలబడి ఊదుకున్న ఊపిరి మీద మాత్రం ఎవ్వరికీ అనుమానం రాదు.

ముందుగాల ఈ చల్లగాలి సంగతి తేల్చుకుందాం. చల్లగాలికి ముక్కు కారొచ్చు, గొంతు బిగుసుకున్నట్టు అనిపియ్యొచ్చు. కాని సర్ది, ఫ్లూ, కరోనా అనేటివి వైరస్ లోపటికి పోతేనే వస్తయి. ఆ వైరస్ వచ్చేది చెట్ల మీదికెళ్లి వీచే గాలిలకెళ్లి కాదు, పక్కనున్న మనిషి ముక్కుల, నోట్లకెళ్లి. మన దేశంల ఫ్లూ ఏడాదికి రెండుసార్లు ఎక్కువైతది. జనవరి నుంచి మార్చి దాక ఒకసారి, వానాకాలంల, దాని ఎనుకంగ ఇంకోసారి. జర ఆలోచించుండ్రి, బస్సు అద్దాలు మనం గట్టిగ మూసేది కూడ అప్పుడే కద. ఒకటి చలికి, ఒకటి జల్లుకు.

మూసేది అదొక్కదానికే కాదని మనకు తెలుసు. జడ చెదురుతదని మూస్తం. దుమ్ము పడుతదని మూస్తం. పిల్ల పండుకున్నదని మూస్తం. ఫోన్ల వీడియో మాట వినొస్తలేదని కూడ మూస్తం. ఒక్కరు మూస్తే ఎనుక సీటామె చూసి ఆమె కూడ మూస్తది. వర్ధన్నపేట రాకముందే బస్సంతా బిగుసుకుపోతది.

2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంల ఆడోళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఏదైనా సరే, ఆధార్ కార్డు చూపెట్టి జీరో టికెట్ తీసుకుంటున్నం. "ఆడోళ్లతోనే బస్సులు నిండిపాయె" అని మొగోళ్లు సణుగుతరు. సణగనియ్యుండ్రి. కిరాయికి పైసలు లేక నెలలకు నెలలు రోగం దాచిపెట్టుకున్న అవ్వ ఇప్పుడు పొద్దుగాల్నే వరంగల్ బస్సెక్కి ఎంజీఎం దవాఖాన ఓపీ లైన్ల నిలబడుతున్నది. డిగ్రీకి పంపుతరో పంపరో అనుకున్న పిల్ల హన్మకొండ కాలేజీకి పోయొస్తున్నది. నన్నడిగితే ఆ రద్దీని చూసి మురుసుకోవాలె.

కాని ఆ పొద్దుగాల బస్సుల ఎవరెవరుంటరో ఒక్కసారి చూడుండ్రి. రెండు వారాల నుంచి దగ్గుతున్న పెద్దమనిషి ఎంజీఎంకు పోతుంటడు. ఆయన పక్కకు ఆరు నెలల మనుమరాలిని ఎత్తుకున్న అమ్మమ్మ. వాళ్ల ఎనుక షుగరు మందుల కోసం పోయే అక్క. నడిమిట్ల సంచులేసుకొని నిలబడ్డ కాలేజీ పిల్లలు. రోగమున్నోళ్లు, లేనోళ్లు, రోగం ఇట్టే అంటుకునేటోళ్లు అందరూ ఒకే గాలిల. ఇండ్ల తప్పు ఎవ్వరిదీ కాదు. దవాఖానకు పోవాలంటే బస్సు ఎక్కాలె కద, దగ్గొస్తున్నదని నడిచిపోతడా?

అది ఎట్ల అంటుకుంటదో ఇగ చెప్పుకుందాం. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు పెద్ద తుంపర్లు పడుతయి. అవి బరువుంటయి, దగ్గర్లనే కింద పడిపోతయి. మనం భయపడేదల్లా వాటికే. కాని దగ్గకుంట, ఉత్తగ మాట్లాడినా, ఊపిరి తీసినా సుత కంటికి కనపడని సన్నటి తుంపర బయటికి వస్తనే ఉంటది. గట్టిగ మాట్లాడితే ఇంకా ఎక్కువ. అది కింద పడదు, గాల్లనే తేలుతది, మూసిన బస్సుల చాన సేపు తిరుగుతది. పోపుల ఎండుమిర్చి మాడితే పొయ్యి కాడి ఘాటు అర్ర అర్రకూ పాకి, ముందటింట్ల కూసున్న మామ కూడ దగ్గుతడు చూడుండ్రి, ఇది కూడ అట్లనే పాకుతది, ఒక్క ఘాటు తెలువదు గంతే. తట్టు వైరస్ అయితే మరీ మొండిది. అది ఉన్న మనిషి బస్సు దిగి పోయినంక కూడ రెండు గంటల దాక గాల్లనే ఉండగలదు.

ఈ గాలి సంగతి కరోనా మొదట్ల పెద్ద పెద్దోళ్లకే అంతుపట్టలేదు. 2020 మార్చిల ప్రపంచ ఆరోగ్య సంస్థ సుత అది గాల్లకెళ్లి పాకే రోగం కాదనే చెప్పింది. 2021ల గాని గాలి సంగతి సాఫ్ ఒప్పుకోలే. ఈ లోపట మనం ఏం చేసినం? కూరగాయలను సబ్బునీళ్లల్ల కడిగినం. బస్సుల సీట్లకు, రాడ్లకు హైపోక్లోరైట్ కొట్టినం. కడగొద్దని కాదు గాని, రాడ్డు తుడిచి అద్దం మూసుకుంటే ఏం లాభం?

గాలి సంగతి అందరి కండ్లు తెరిపిచ్చిన బస్సు ఒకటున్నది. అది చైనాది. జెజియాంగ్ రాష్ట్రంల నింగ్బో పట్నం, 2020 జనవరి 19. బుద్ధుడి గుడికి పూజకని రెండు బస్సులు బయలెల్లినయి, అచ్చం మన మేడారం జాతర ప్రయాణం లెక్కనే. ఒక బస్సుల 60 మంది, ఇంకోదాంట్ల 68 మంది. రెండో బస్సుల ఒకామెకు కరోనా ఉన్నది, ఆమెకే తెల్వదు. చలికాలం, అద్దాలు మూసి హీటరు పెట్టిండ్రు. అది లోపటి గాలినే మళ్లమళ్ల తిప్పుతది. పోను యాభై నిమిషాలు, రాను యాభై నిమిషాలు. తర్వాత పరీక్షలు చేస్తే ఆ బస్సుల ఇంకో 23 మందికి అంటుకున్నది. మొదటి బస్సుల ఒక్కరికీ లేదు. గుడి ఒకటే, పూజ ఒకటే.

ఇండ్ల నేను మర్చిపోలేని సంగతి ఇంకోటున్నది. ఆమె కూసున్నది బస్సు నడుమ వరుసల. రోగం ఆమె పక్కన కూసున్నోళ్లతోనే ఆగలేదు, ముందటి వరుసలకూ ఎనుక వరుసలకూ దూరం దూరంగ పోయింది. కాని తెరిచే వీలున్న కిటికీల కాడ కూసున్నోళ్లు, ఆమెను ఆనుకొని కూసున్న ఒక్కరు తప్ప, బయటపడ్డరు. డ్రైవరుకు కూడ రాలే. అంటే రెండు సీట్లు దూరం జరిగి కూసున్నమని ధీమా పడేటందుకు లేదు, అద్దం తెరువాలె.

మన దేశం బండ్ల మీద కూడ లెక్క కట్టిండ్రు. అమెరికాల జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2021ల ఏసీ ట్యాక్సీ, ఏసీ లేని ట్యాక్సీ, బస్సు, ఆటో నాలుగింటినీ పోల్చి చూసిండ్రు. ఆటోల కంటే అద్దాలు మూసిన ఏసీ ట్యాక్సీల అంటుకునే అవకాశం దాదాపు 300 రెట్లు ఎక్కువని తేలింది. అద్దాలు దించితే ట్యాక్సీల కూడ ముప్పు చాన తగ్గింది. కారుల పోయేటోళ్లను చూసి ఎప్పుడన్న కుళ్లుకుంటే, ఈ సంగతి యాది చేసుకొని జర నవ్వుకోండ్రి.

మురువకుండ్రి మరి. వాళ్లు లెక్క కట్టిన ఆటోల డ్రైవరుతోని కలిసి ఐదుగురు. మన పత్తి ఏరే ఆటోల ఎంతమందో మీకే తెలుసు. డ్రైవరుకు అటొకరు ఇటొకరు, ఎనుక ఒడిల ఒకరు, డిక్కీల కాళ్లు కిందికేసుకొని ఇద్దరు ముగ్గురు. మిర్చి ఏరే కాలంల మానుకోట దిక్కు పోయే బండ్లల్ల ఇంకా ఎక్కువ. తెల్లారక ముందే, మంచుల, రెండు పక్కలా పరదలు దించుకొని పోతం. పరదలు దించినంక ఆటో కూడ మూసిన డబ్బానే. పొద్దంతా చేన్ల ఎడం ఎడంగనే వంగి పని చేస్తరు, రోగం అంటుకునేది పొయ్యొచ్చే ఆ గంటల. ఒక దిక్కు పరద అన్నా సగం ఎత్తి కట్టమని మేస్త్రీకి చెప్పుండ్రి. చలైతే నెత్తికి కొంగు చుట్టుకుందాం.

రోగాలు బండెక్కి ఊర్లు తిరుగుడు కొత్తది కాదు. 1918ల ఇన్‌ఫ్లుయెంజా ముందుగాల బొంబాయి రేవుల దిగింది, ఆడికెళ్లి రైళ్లల్ల దేశమంతా పాకింది. మన దేశంల కోటి మందికి పైన చచ్చిపోయిండ్రు. అప్పట్కే సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు రైలు పట్టాలు పడి ముప్పై ఏండ్లు దాటింది, ఇయ్యాల మనం ఘనపూర్‌ల ఎక్కే లైను అదే.

తెలంగాణల మొదటి కరోనా కేసు కూడ బస్సు ప్రయాణికుడిదే. 2020 మార్చి 2న ప్రభుత్వం చెప్పింది. దుబాయికి పోయొచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లగాడు, బెంగళూరుల విమానం దిగి, బస్సుల హైదరాబాద్ వచ్చిండు. ఆ బస్సుల ఎవరెవరు కూసున్నరో ఎతుకులాడి పట్టుకునుడు అధికారులకు పెద్ద పనైంది. రెండు వారాలు దాటంగనే, ఢిల్లీ నుంచి రామగుండం దాక సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్‌ల వచ్చిన విదేశీ ప్రయాణికులకు రోగం ఉన్నదని తేలి, ఆ రైలు ప్రయాణికుల కోసం కూడ అట్లనే ఎతికిండ్రు. రిజర్వేషన్ టికెట్లు కాబట్టి పేర్లన్నా దొరికినయి. మన పల్లెవెలుగుల పేర్లెక్కడియి? ఎవరెక్కిండ్రో ఎవరు దిగిండ్రో కండక్టరక్క ముఖం గుర్తు పట్టి చెప్పాల్సిందే.

మార్చి 22న జనతా కర్ఫ్యూ రోజు ఆగిన బస్సులు జిల్లాలల్ల మళ్ల కదిలింది మే 19న. నిజాం కాలంల 1932ల 27 బస్సులతోని మొదలైన ఆర్టీసీ సంస్థ, అన్ని రోజులు కదలకుంట నిలబడ్డది. మళ్ల నడిచినప్పుడు మాస్కు లేనిదే ఎక్కనియ్యలే. మాస్కు లేకుంట తిరిగితే వెయ్యి రూపాయల జుర్మానా. ఆ భయానికి పెట్టుకున్నం, భయం పోంగనే చిలుక్కొయ్యకు తగిలిచ్చినం. మళ్ల అందరూ రోజూ మాస్కు పెట్టుకోవాలని నేను అంటలేను, మీరు వినరు కూడ. ఒక్కటే అడుగుత. దగ్గు, సర్ది, జరం ఉన్న రోజు మాత్రం బస్సెక్కేముందు పెట్టుకోండ్రి. లేనోళ్లందరూ పెట్టుకునుడు కంటే, ఉన్న ఒక్కరు పెట్టుకుంటే బస్సంతటికీ మేలు. తుంపర బయటికి రాకముందే ఆగుతది కద.

కొంగు అడ్డం పెట్టుకుంటే చాలదా అని అడుగుతరు. దగ్గొచ్చినప్పుడు కొంగన్నా, మోచేయి మడతన్నా అడ్డం పెట్టుకునుడు మంచిదే, పెద్ద తుంపర్లు ఆగుతయి. సన్నటి తుంపర మాత్రం కాటన్ చీరెలకెళ్లి బరాబర్ పోతది. దవాఖానల ఇచ్చే మూడు పొరల మాస్కు అంతకన్నా నయం. ముఖానికి అతుక్కొని ఉండే ఎన్-95 అన్నిటికంటే మంచిది. షుగరు, దమ్ము, గుండె జబ్బు ఉన్నోళ్లు, కీమో చేయించుకునేటోళ్లు ఎంజీఎంకు పోయేటప్పుడు ఎవరేమన్నా సరే అది పెట్టుకోండ్రి. ముక్కు బయటికి ఎల్లదీసి గదువకు పెట్టుకునే ఫ్యాషను మాత్రం వద్దు. ఐదేండ్ల లోపు పిల్లలకు మాస్కు అక్కరలేదు, వాళ్ల కోసం పెద్దోళ్లే జాగ్రత్త పడాలె.

చంటిపిల్ల ఉన్న తల్లికి కిటికీ సీటు ఇయ్యుండ్రి. అద్దం ఓ నాలుగు వేళ్ల మందం తెరిచి, పిల్ల నెత్తికి టోపీ పెడితే సరిపోతది. బస్సుల కనపడ్డ ప్రతి పిల్ల బుగ్గ గిల్లి ముద్దు పెట్టుకునే ప్రేమ మనది. సర్ది ఉన్ననాడు ఆ ప్రేమను దూరంకెళ్లి చెయ్యి ఊపి చూపెడితే కూడ పిల్ల నవ్వుతది. పిల్లల టీకాలు మరువకుండ్రి. న్యుమోనియా టీకా పీసీవీ ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఇస్తరు. తట్టు-రుబెల్లా టీకా తొమ్మిది నెలలు నిండినంక ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల నడుమ ఇంకోటి. అన్నీ సర్కారుల ఉచితమే, ఆశ అక్కను అడిగితే తారీఖు చెప్తది. అరవై దాటినోళ్లు, షుగరున్నోళ్లు ఏడాదికొక ఫ్లూ టీకా గురించి డాక్టరును అడుగుండ్రి.

ఇంగ్లండుల నాటింగ్‌హామ్ కాడ చేసిన పరిశోధన ఒకటి 2011ల అచ్చయింది. సర్ది-దగ్గుతోని డాక్టరు కాడికొచ్చిన మనుషులను, వేరే పనికి వచ్చినోళ్లను పోల్చి చూస్తే, అంతకు ముందు ఐదు రోజులల్ల బస్సో ట్రామో ఎక్కినోళ్లకు ఈ రోగాలు దాదాపు ఆరు రెట్లు ఎక్కువ కనపడ్డయి. ఇండ్ల చిత్రమేందంటే, రోజూ ఎక్కేటోళ్ల కంటే ఎప్పుడో ఒకనాడు ఎక్కేటోళ్లకే ముప్పు ఎక్కువ ఉన్నట్టు కనపడ్డది. రోజూ ఎక్కేటోళ్ల ఒంటికి ఆ వైరస్‌లు కొంత అలవాటైతయేమో అని వాళ్ల ఊహ. మన దిక్కు చూస్తే, రోజూ పోయే కాలేజీ పిల్ల తట్టుకుంటది గాని, పండుగకో పింఛను పనికో ఊరు దాటే అవ్వ తట్టుకోలేదు. అవ్వను బస్సెక్కిచ్చేటప్పుడు రద్దీ లేని పదకొండు గంటల బస్సు చూసి ఎక్కియ్యుండ్రి.

మేడారం సంగతి చెప్పకపోతే ఈ ముచ్చట తెగదు. రెండేండ్లకొకసారి జాతర. 2024 ఫిబ్రవరిల నాలుగు రోజుల జాతరకు ఆర్టీసీ దాదాపు ఆరు వేల ప్రత్యేక బస్సులు తిప్పింది. మన దిక్కుకెళ్లి ములుగు మీదుగ పోతుంటే ట్రాఫిక్‌ల గంటలకు గంటలు బస్సు కదలదు. బయట దుమ్ము లేస్తుంటది, అద్దాలు మూసేస్తం. బెల్లం తట్టలు, కోళ్లు, పిల్లలు, మనం, అందరం లోపట. జాతర నుంచొచ్చినంక ఊరంతా దగ్గుతుంటే "మేడారం దుమ్ము" అంటం. దుమ్ము కొంత నిజమే, మిగతాది బస్సుల ఊపిరి. తల్లుల కాడికి పోవద్దని ఎవరంటరు? పోదాం. బస్సు నిలబడ్డ కాడ మాత్రం అద్దాలన్నీ తీసి పెడుదాం, కదిలినప్పుడు కొంచెం తెరిచినా గాలి తనంతట తనే ఆడుతది, నిలబడ్డప్పుడు ఆడదు. ఆగిన కాడ దిగి జరసేపు నిలబడితే ఇంకా మంచిది. ఇంట్ల జరంతోని ఉన్న మనిషిని మాత్రం మొక్కు పేరు చెప్పి ఎక్కియ్యకుండ్రి. మొక్కిన బెల్లం బంగారం ఇంకొకరి చేతికిచ్చి పంపినా తల్లి కోపం చెయ్యదు.

అద్దం తెరుసుడు కూడ ఒక పద్ధతి ఉన్నది. ఒక్క కిటికీ బార్లా తెరిస్తే ఆ కిటికీ కాడామెకు చెవులు గడ్డకడుతయి, మిగతా బస్సుల గాలి ఆడదు. కుడి దిక్కు, ఎడమ దిక్కు, ముందట, ఎనుక, అన్ని కాడలా కొంచెం కొంచెం తెరువాలె. వాన పడుతుంటే జల్లు కొట్టని దిక్కున్నా తెరువొచ్చు. కడుపుల తిప్పే అక్క ఎట్లాగూ కిటికీ కాడనే కూసుంటది, ఆమె పుణ్యాన ఒకటి తెరిచే ఉంటది! ఏసీ బస్సుల హైదరాబాద్ పోతే అద్దం తెరిచే వీలుండదు, అండ్ల మాస్కే దిక్కు. ఇగ కిటికీల కాడ కొనుక్కునే జామకాయలు, పల్లికాయలు. రాడ్డు పట్టుకున్న చెయ్యితోనే నోట్ల వేసుకుంటం. సర్ది వైరస్‌లకు చేతులు కూడ మంచి దారే, సంచిల నీళ్ల సీసా ఉంటది కద, చెయ్యి కడిగి తినుండ్రి. గుట్కా నమిలి కిటికీలకెళ్లి ఉమ్మే అన్నలకు ఏం చెప్పాల్నో నాకైతే తెల్వదు. ఎనుక సీట్ల కూసున్న అక్కలే చెప్పాలె, వాళ్ల ముఖం మీదనే పడుతది గనుక.

నన్ను గాలి కంటే ఎక్కువ బాధ పెట్టేది ఇంకోటున్నది. బస్సుల ఎవరన్నా రెండుసార్లు దగ్గితే చాలు, చుట్టూ ఉన్నోళ్లు ముఖం తిప్పుకుంటరు, కొంగు అడ్డం పెట్టుకొని గొణుగుతరు. మాస్కు పెట్టుకుంటే "ఏమైందమ్మా నీకు?" అని ఆరా తీస్తరు. ఆ చూపులకే మన ఆడోళ్లు దగ్గును గొంతులనే ఆపుకుంటరు, మాస్కు తీసి సంచిల పెట్టుకుంటరు. ఇంటికి పోయినంక కూడ చెప్పరు. పెండ్లి కావాల్సిన పిల్లకు దగ్గంటే సంబంధం పోతదని తల్లి భయం. కోడలికి దగ్గంటే పుట్టింటికి పంపుతరని కోడలి భయం. అట్ల దాచిపెట్టిన దగ్గుల కొన్ని టీబీవి ఉంటయి.

టీబీ కూడ గాల్లకెళ్లే పాకుతది. కాని ఒక్కసారి బస్సుల పక్కన కూసుంటే పట్టుకునే రోగం కాదది. ఎక్కువగ ఒకే ఇంట్ల, ఒకే అర్రల, రోజుల తరబడి కలిసి ఉన్నోళ్లకు అంటుకుంటది. అందుకే బస్సుల ముఖం తిప్పుకునుడు కంటే ఇంట్ల కిటికీ తెరుసుడు ముఖ్యం. కంచం, చెంబు, బట్టల నుంచి రాదు, వేరే కంచం పెట్టి మనిషిని అవమానించే పని లేదు. మందులు మొదలుపెట్టినంక కొన్ని వారాలకే, మందు సరిగ్గ పనిచేస్తుంటే, ఇంకొకరికి అంటిచ్చే గుణం చాన తగ్గిపోతది. మామూలు టీబీకి ఆరు నెలల మందు. నడుమ మంచిగ అనిపిచ్చిందని ఆపేస్తే రోగం మొండిగ మారుతది, అప్పుడు కష్టం. పరీక్ష ఉచితం, మందులు ఉచితం. మంచి తిండి కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాల పడుతయి. 2024 నవంబర్ దాక 500 ఉండె, దాన్ని రెండింతలు చేసిండ్రు. ఇంట్లోళ్లకు, పిల్లలకు కూడ పరీక్ష చేసి, అవసరముంటే రాకుంట మందిస్తరు.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం సాయంత్రం వచ్చే జరం, తగ్గిపోయే బరువు, రాత్రి చెమటలు, తెమడల రక్తం. వీటిల ఏది ఉన్నా మండలంల సర్కారు దవాఖానకు పోయి తెమడ పరీక్ష చేయించుకోండ్రి. పోవడానికి సిగ్గనిపిస్తే ముందుగాల 1800-11-6666కు ఫోను చెయ్యుండ్రి, ఖర్చు లేదు.

ఆర్టీసీ డిపోలల్ల "డయల్ యువర్ డీఎం" అని పెడుతుంటరు, ఆ రోజు డిపో మేనేజరే ఫోనెత్తి మన మాట వింటడు. మీ ఊరికి బస్సు నడిపే డిపో ఏదో కనుక్కోండ్రి. అద్దాలు ఇరుక్కపోయి జరగని బస్సు కనపడితే దాని నంబరు రాసుకొని ఆ రోజు చెప్పుండ్రి. బడి టైముకు, ఓపీ టైముకు ఇంకో ట్రిప్పు కావాలని నలుగురు కలిసి అడుగుండ్రి, ఒక్కరు అడిగితే ఫిర్యాదు అంటరు, సంఘంల ఆడోళ్లందరూ అడిగితే రూటు మారుతది. ఇగ రేపు పొద్దుగాల బస్సెక్కి దస్తి పరిచి కూసున్నంక, ముందు సీటామెను అడుగుండ్రి: "జర ఆ అద్దం జరుపు, చెల్లే." ఆమె కాదన్నదో, జరిపిందో, ఇంకేమన్నదో మాకు రాయుండ్రి.